పడవ గదిలో వెచ్చదనం: ఏ పొయ్యి, ఏ ఇంధనం?



సూరత్‌లో కూర్చుని గది వెచ్చబెట్టుకోవడం గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. జనవరిలో కూడా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 14, 15 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఒక దుప్పటి చాలు. అయినా ఈ పాఠం నాకు ఈ ఊళ్ళోనే మొదలైంది, అదీ ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్నతో.

లింబాయత్‌లో మన తెలుగు పిల్లలకు ఆదివారాలు సైన్సు చెబుతుంటాను. వాళ్ళలో ఎక్కువమంది మరమగ్గాల మీద పనిచేసే కుటుంబాల పిల్లలు. ఒక డిసెంబరులో డిప్లొమా చదివే ఒక శ్రీకాకుళం కుర్రవాడు పాఠం అయ్యాక వెనక ఆగిపోయాడు. "మాస్టారూ, మా అన్నయ్య వెరావల్‌లో బోటు మీద కలాసీగా ఉన్నాడు. రాత్రిళ్ళు చలికి కేబిన్‌లో బొగ్గుల సిగ్డీ పెట్టుకుని తలుపు వేసుకుంటారట. మొన్న ఇద్దరికి తెల్లవారి తలనొప్పి, వాంతులు. సముద్రం పడలేదనుకున్నారట. పుట్టినప్పటినుంచీ సముద్రం మీదే ఉన్నవాళ్ళకి సముద్రం పడకపోవడమేంటి మాస్టారూ?"

ఆ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. మిగతా సగం ఈవేళ చెప్పుకుందాం.

శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల మత్స్యకారులు ఏటా వానాకాలపు నిషేధం ముగిశాక గుజరాత్ వెళ్ళి పెద్ద బోట్ల మీద పనికి కుదురుతారు. 2018 నవంబరులో కొందరు సరిహద్దు దాటి పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడటం, 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా తిరిగి రావడం పేపర్లలో చదివే ఉంటారు. ఆ కథ అందరికీ తెలుసు. ఆ బోటులో ఏడెనిమిదిమంది ఒక చిన్న గదిలో రెండు మూడు వారాలు ఎలా పడుకుంటారన్నది ఎవరూ అడగరు. కచ్ తీరం పక్కనున్న నలియాలో జనవరి రాత్రులు కొన్ని 5 డిగ్రీల దగ్గరకు దిగుతాయి. సముద్రం మీద అంత దిగదు. నీరు నేలంత త్వరగా చల్లబడదు కదా! అయితే ఉత్తరపు గాలి ఆగదు, బట్టలు ఆరవు. తడిబట్టతో గాలిలో నిలబడ్డవాడికి 14 డిగ్రీలు కూడా వణుకే.

సరే, ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఇంధనం ఏదో తేల్చే ముందు ఎంత వేడి కావాలో తేల్చుకోవాలి. మార్కెట్లో హీటరు కొనేవాళ్ళు ఈ మెట్టు దాటేసి నేరుగా బొమ్మ చూసి కొంటారు.

గది మూడు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, 1.8 మీటర్ల ఎత్తు అనుకోండి. ఘనపరిమాణం 13.5 ఘనపు మీటర్లు. గోడలు, కప్పు, నేల కలిపి వైశాల్యం దాదాపు 35 చదరపు మీటర్లు. అంగుళం మందం చెక్క పలక ఒక్కో చదరపు మీటరు గుండా, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 3 వాట్ల వేడిని బయటకు పోనిస్తుంది. బయటకంటే లోపల 10 డిగ్రీలు ఎక్కువ ఉండాలంటే 35 ఇంటూ 3 ఇంటూ 10, అంటే 1050 వాట్లు. గాలి మార్పిడికి మనిషికి సెకనుకు 5 లీటర్ల చొప్పున ఏడుగురికి 35 లీటర్ల కొత్త గాలి రావాలి. ఆ చల్లగాలిని వెచ్చబెట్టడానికి మరో 420 వాట్లు. మొత్తం 1470.

ఇందులోంచి తీసివేయవలసింది ఒకటుంది. నిద్రపోతున్న మనిషి ఎంత వేడి ఇస్తాడు? సుమారు 75 వాట్లు. పాతకాలపు బల్బు ఒకటి వెలిగినట్టు. ఏడుగురు కలిస్తే 525 వాట్లు! కాబట్టి పొయ్యి ఇవ్వవలసింది 945 వాట్లు, సుమారు ఒక కిలోవాట్.

ఇప్పుడు గోడలకు లోపలివైపు అంగుళం మందం ఉష్ణబంధక పదార్థం వేశామనుకోండి. గోడల గుండా పోయేది 1050 నుంచి 350కి పడిపోతుంది. మళ్ళీ కూడి తీసి చూడండి: 350కి 420 కలిపి 525 తీసేస్తే 245 వాట్లు. నాలుగో వంతుకు వచ్చేసింది. చేపలు నిలవచేసే ఐసు అరకు నురుగు పలకలతో ఇంత మందాన బందోబస్తు చేస్తారు. మనుషులు పడుకునే గదికి మాత్రం వట్టి చెక్క. చేప పాడైతే నష్టం వెంటనే కనిపిస్తుంది కాబట్టి కాబోలు. 1893లో నాన్సెన్ ఉత్తర ధ్రువపు మంచులోకి తీసుకెళ్ళిన 'ఫ్రామ్' ఓడలో మొదట శ్రద్ధ పెట్టింది పొయ్యి మీద కాదు, గోడల మీద. ఫెల్టు, బెండు వంటి పొరలు ఒకదాని మీద ఒకటి వేశారు. మన బోటుకు అంత అక్కరలేదు. థర్మోకోల్ మాత్రం వద్దు, నిప్పు తగిలితే అంటుకుని నల్లటి పొగ చిమ్ముతుంది. రాతి ఉన్ని పలకలు వేసి తడి తగలకుండా పైన రేకు కొడితే మేలు.

ఇక ఇంధనాల సంగతి. కిలో ఎండు కట్టె కాలితే సుమారు 16 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. కట్టెబొగ్గుకు 29, 30. స్పిరిట్, అంటే ఇథైల్ ఆల్కహాలుకు 27. కిరసనాయిలుకు, డీజిలుకు 43. వంటగ్యాసుకు 46. పరీక్షలో అడిగితే ఈ వరుస రాసి, గ్యాసు ఉత్తమమని తేల్చి మార్కులు తెచ్చుకోవచ్చు. బోటులో ఈ వరుసతో తేలేది తక్కువ. ఆ ఇంధనం కాలాక ఏమవుతుంది, కాలకుండా కారితే ఎక్కడికి పోతుంది అన్నవే అసలు ప్రశ్నలు.

కారితే ఎక్కడికి పోతుందో ఇప్పుడు బల్ల మీద చూడండి. చిన్న అట్టమెట్ల మీద మూడు కొవ్వొత్తులు వెలిగించి పెట్టాను. ఈ పాత్రలో వంటసోడా మీద వెనిగర్ పోస్తున్నాను. నురగ వచ్చింది. ఆ నురగ మీద చేరిన వాయువును, ద్రవం జారకుండా, పై మెట్టు దగ్గర ఒంపుతున్నాను. కంటికి ఏమీ కనబడదు. అయినా పై కొవ్వొత్తి ఆరింది, తరువాత రెండోది, తరువాత కిందిది. కార్బన్ డై ఆక్సైడ్ నీళ్ళలాగే మెట్లు దిగింది. దాని అణుభారం 44. గాలి సగటు అణుభారం 29.

ఇప్పుడు ప్రొపేన్ అణుభారం వేయండి. కర్బనాలు మూడు, ముప్పై ఆరు. హైడ్రోజన్లు ఎనిమిది. మొత్తం 44! మన వంట సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ 58, ఇంకా బరువు. ఇంట్లో సిలిండరు కారితే గ్యాసు నేలబారున పాకి తలుపు కింద సందులోంచి కొంతైనా పోతుంది. బోటులో ఎక్కడికి పోతుంది? బోటు ఆకారమే ఒక దొన్నె. కారిన గ్యాసు అడుగున మురికినీరు చేరే గుంటలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. గాలిలో నూటికి రెండు వంతులుంటే చాలు, ఇంజను స్టార్టరు దగ్గర ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే సిలిండరు పైన, ఆరుబయట, అడుగున రంధ్రాలుండి సముద్రంలోకి తెరుచుకునే పెట్టెలో ఉండాలి. గది లోపల ఉండకూడదు.

సూరత్ పిల్లలకు ఇక్కడొక అనుమానం రావాలి. "మా ఇంట్లో పైపు గ్యాసు ఉంది, అదీ ఇంతేనా?" కాదు. పైపులో వచ్చేది మీథేన్. అణుభారం 16, గాలికంటే తేలిక. అది పైకి పోతుంది. కాబట్టి పైపు గ్యాసున్న వంటగదికి పైన వెంటిలేటరు, సిలిండరున్న వంటగదికి నేల దగ్గర సందు ముఖ్యం. మన పక్కనున్న హజీరా రేవుకు 2005 నుంచి ఈ మీథేనే ఓడల్లో ద్రవరూపంలో వస్తోంది. సున్నాకు 162 డిగ్రీల కింద చల్లబరిస్తే ఆరువందల వంతుల వాయువు ఒక వంతు ద్రవమవుతుంది. దారిలో కొంత ఎలాగూ ఆవిరవుతుంది. చాలా ఓడల్లో ఆ ఆవిరినే ఇంజన్లలో మండించుకుంటారు. మోసే సరుకే ఇంధనమన్నమాట. అంతటి చల్లదనాన్ని నిలబెట్టే ట్యాంకు చేపల బోటుకు సాధ్యం కాదు గనుక దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

కాలాక ఏమవుతుంది? మొదటిది నీరు. నమ్మరు గానీ, కిలో కిరసనాయిలు కాలితే దాదాపు 1.4 కిలోల నీటి ఆవిరి వస్తుంది. వంటగ్యాసుకు 1.6 కిలోలు. పొగగొట్టం లేని స్టవ్వు గదిలో పెడితే ఆ ఆవిరంతా చల్లటి పలకల మీద నీటిబొట్లై దుప్పట్ల మీదే పడుతుంది. ఆరబెట్టుకుందామని వెలిగించిన స్టవ్వు తడి పెంచుతుంది.

రెండోది ఆక్సిజన్ తరిగిపోవడం. మామూలు వత్తుల స్టవ్వు గంటకు 150 గ్రాముల కిరసనాయిలు కాలుస్తుందనుకుందాం. దానికి అర కిలో ఆక్సిజన్ కావాలి. మన గదిలో ఉన్నదంతా కలిపి మూడు ముప్పావు కిలోలు. ఏడుగురు పీల్చేది కూడా కలిపితే, సందులన్నీ మూసిన గదిలో గంటలో 21 శాతం ఆక్సిజన్ 17 దగ్గరకు వస్తుంది. గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోయే ప్రయోగం చిన్నప్పుడు చేశారు కదా. ఆక్సిజన్ అంతా అయిపోయి ఆరుతుందని రాసి ఉంటారు. అది తప్పు. 16 శాతం దగ్గరే ఆరిపోతుంది. మంట అలా నీరసించే వేళలోనే మూడోది, అన్నిటికంటే చెడ్డది, ఎక్కువగా పుడుతుంది. అది కార్బన్ మోనాక్సైడ్.

ఆక్సిజన్ చాలినంత దొరికితే కర్బనం డై ఆక్సైడ్ అవుతుంది. చాలకపోతే మోనాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దీన్ని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జె. ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో దీన్ని తానే పీల్చి, తన రక్తాన్ని తానే పరీక్షించి లక్షణాలు రాసుకున్నాడు. బొగ్గు గనుల్లోకి చిన్న పిట్టలను తీసుకెళ్ళే పద్ధతి ఆయన సలహాతో వచ్చిందే. పిట్ట మనకంటే ముందు కూలిపోతుంది.

ఎంత మోనాక్సైడ్ చాలు? ప్రపంచ ఆరోగ్య సంస్థ గంటసేపటికి పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 35 మిల్లీగ్రాములు. మన గదికి లెక్కేస్తే అర గ్రాము కూడా కాదు. అంత వాయువు పుట్టడానికి 0.2 గ్రాముల కర్బనం సరిగా కాలకపోతే చాలు. అంటే గోళీకాయకంటే చిన్న బొగ్గు ముక్క. సిగ్డీలో వేసేదేమో కిలో బొగ్గు.

ఇక్కడ మన వాళ్ళను మోసం చేసేది పొగ. కట్టెలకు పొగ వస్తుంది, కళ్ళు మండుతాయి, తలుపు తీస్తాం. కట్టెబొగ్గు రాజుకున్నాక పొగ ఉండదు. ఎర్రగా, అందంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. పొగ లేదు కనుక ప్రమాదం లేదనుకుని తలుపు వేస్తాం. నిజానికి బొగ్గు కుప్ప లోపలి పొరల్లో పుట్టిన డై ఆక్సైడ్ పైనున్న ఎర్రటి బొగ్గు గుండా వస్తూ మళ్ళీ మోనాక్సైడ్‌గా మారుతుంది. మీ రసాయనశాస్త్రం పుస్తకంలో ఆ సమీకరణం ఉంది. అందుకని గదిలో పెట్టేవాటన్నిటిలో సిగ్డీయే ఘోరమైనదని నేనంటాను.

సమీకరణం తెలిస్తే చాలా? నా సంగతి చెబుతాను. 1993లో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ పట్టా చేతబట్టుకుని ఈ ఊరొచ్చాను. ముగ్గురం ఒక చిన్న గదిలో ఉండేవాళ్ళం. ఆ చలికాలం ఒక రాత్రి జ్వరంగా ఉందని నా మిత్రుడు బొగ్గుల సిగ్డీ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. కిటికీ నేనే మూశాను. రాత్రి ఎప్పుడో మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. లేద్దామంటే కాళ్ళు నావి కావన్నట్టున్నాయి. ఏమి జరుగుతోందో నాకు స్పష్టంగా తెలుసు, సమీకరణంతో సహా. తలుపు మాత్రం తీయలేకపోయాను. రాత్రి షిఫ్టు నుంచి మూడోవాడు వచ్చి తలుపు నెట్టబట్టి ఈవేళ మీతో మాట్లాడుతున్నాను. ధ్రువ యాత్రికుడు బర్డ్ 1934లో అంటార్కిటికాలో ఒంటరిగా గుడిసెలో ఉండి, తన పొయ్యి, రేడియో జనరేటర్ల పొగకు ఇలాగే నెలల తరబడి మంచాన పడ్డాడని తరువాతెప్పుడో చదివాను. ఆయనకూ విషయం తెలుసు.

తలనొప్పి, వాంతి, కాళ్ళ నీరసం, తల తిరగడం. ఇవి సముద్రం పడనివాడి లక్షణాలు కూడా. శ్రీకాకుళం కుర్రవాడి అన్నయ్య తోటివాళ్ళు పొరబడింది ఇక్కడే. గదిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి ఇలా అయ్యి, బయట గాలిలోకి వచ్చాక తేలికపడితే అది సముద్రం పని కాదు. వెంటనే అందరినీ బయటికి తేవాలి. వీలైనంత త్వరగా ఒడ్డుకు చేర్చి ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించాలి. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. శుద్ధ ఆక్సిజన్‌తో గంట, గంటన్నర.

మరి ఏది పెట్టాలి?

విద్యుత్ హీటరు అంటారు కొందరు. పొగ లేదు, నిజమే. 945 వాట్లు ఎనిమిది గంటలంటే ఏడున్నర యూనిట్లు. 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల లెడ్ బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు. పాడుకాకుండా వాడుకోగలిగేది సగం. పదమూడు బ్యాటరీలు కావాలి, ఒక్కోటి 30 కిలోల పైమాట. ఒడ్డున రేవులో కట్టేసి ఉన్నప్పుడు తీగ లాక్కుంటే సరే, నడిసముద్రంలో కుదరదు.

స్పిరిట్ స్టవ్వుకు మంట పగటివేళ కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్ళీ పోస్తారు. కిరసనాయిలు స్టవ్వులు పేలిన వార్తలు మీ అమ్మగారి తరానికి బాగా తెలుసు. వాటిలో కొన్ని కల్తీ వల్ల జరిగినవి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కిందనే అంటుకునే ఆవిరినిస్తుంది. అది కాస్త కలిసినా కిరసనాయిలు కిరసనాయిలు కాదు. పైగా చాలా రాష్ట్రాల్లో రేషన్ కిరసనాయిలు ఆగిపోయింది. శ్రీనగర్ దాల్ సరస్సు పడవ ఇళ్ళలో కట్టెల బుఖారీలు ఉంటాయి. రేకు డ్రమ్ము, దానికి కప్పు దాటి పైకి పోయే గొట్టం. గొట్టం శుభ్రంగా ఉన్నంతకాలం అది మంచి ఏర్పాటే. అయితే కదలని పడవ, రాత్రంతా కనిపెట్టి ఉండే మనిషి, కట్టెలకు చోటు, ఇవి మూడూ చేపల బోటులో లేవు. వలల మీద ఒక నిప్పురవ్వ పడితే చాలు.

మిగిలింది డీజిలు. నా మొగ్గు దానివైపే. బోటులో అది ఎలాగూ ఉంది, రెండో ఇంధనం మోయనక్కరలేదు. సాధారణంగా 50 డిగ్రీలు దాటితే గానీ అంటుకునే ఆవిరినివ్వదు. అయితే ఎలా మండించాలన్నది ముఖ్యం. డీజిలు హీటరులో రెండు గాలి దారులుంటాయి. మంటకు కావలసిన గాలి బయటినుంచి ఒక గొట్టంలో వచ్చి, పొగ ఇంకో గొట్టంలో బయటికే పోతుంది. గదిలో గాలి ఆ లోహపు గదిని బయటినుంచి తాకి వేడెక్కి తిరిగి వస్తుంది. మంట గాలి, మనిషి గాలి కలవవు. లారీ డ్రైవర్లు చలిదేశాల్లో రాత్రి నిద్రకు వాడేది ఇదే. లీటరు డీజిలులో 36 మెగాజౌళ్ళు, అందులో నూటికి 80 వంతులు దక్కితే, మన వట్టి చెక్క గదికి రాత్రికి సుమారు లీటరు కావాలి. బందోబస్తు చేసిన గదికి పావు లీటరు! ఫ్యానుకు, పంపుకు కొద్దిపాటి కరెంటు చాలు, ఒక బ్యాటరీ మోస్తుంది. ఆ కరెంటు కూడా వద్దనుకునే ఉత్తర సముద్రపు జాలర్లు బొట్టుబొట్టుగా డీజిలు పడే, పొగగొట్టమున్న పొయ్యి వాడతారు.

వీటికంటే చవకది ఇంకొకటుంది, ఇంజను నడుస్తున్నంతసేపు. డీజిలు ఇంజను తిన్న ఇంధనంలో సుమారు మూడో వంతే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగలోనూ, ఇంకో మూడో వంతు చల్లబరిచే నీటిలోనూ పోతుంది. ఆ వేడినీటి గొట్టాన్ని గదిలో చిన్న రేడియేటరు గుండా తిప్పితే రూపాయి ఖర్చు లేని వేడి. కారులో హీటరు చేసేది ఇదే. నీటి వేడి తీసుకోండి గానీ పొగగొట్టం వేడి జోలికి పోవద్దు. దానికి పడ్డ చిన్న చిల్లు సిగ్డీతో సమానం.

ఏది పెట్టినా మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే బ్యాటరీ పరికరం గదిలో ఉండాలి. ఎక్కడ బిగించాలి? అణుభారం మళ్ళీ వేయండి. కర్బనం 12, ఆక్సిజన్ 16, మొత్తం 28. గాలికి 29. అది పైకీ పోదు, కిందికీ దిగదు, గదంతా కలిసిపోతుంది. పై బల్ల మీద పడుకున్నా కింద పడుకున్నా తేడా లేదు. పడుకున్నవాళ్ళ తలల ఎత్తున, మోత వినబడేచోట పెట్టాలి. వంటగ్యాసు కనిపెట్టే పరికరం వేరు, దాన్ని అడుగున గుంట దగ్గర పెట్టాలి. ఈ రెండూ ఒకటేననుకుని ఒకటే కొనేవాళ్ళున్నారు.

ఆ కుర్రవాడికి ఇదంతా లెక్కలతో సహా ఒక కాగితం మీద రాసిచ్చాను. వాడు దాన్ని ఫోనులో అన్నయ్యకు చదివి వినిపించాడు. డీజిలు హీటరు ఖర్చు మాకెందుకని బోటు యజమాని అప్పటికి ఒప్పుకోలేదు. గోడలకు పలకలు కొట్టించడానికి ఒప్పుకున్నాడు, కేబిన్ వెనకవైపు చేయి పట్టేంత సందు రెండుచోట్ల తెరిచి ఉంచారు. సిగ్డీ పైకి, వంట చేసేచోటుకి పోయింది. సంక్రాంతికి ఫోను చేసినప్పుడు అన్నయ్య నన్ను అడిగింది ఒకటే. "మాస్టారూ, ఆ మోగే పరికరం సూరత్‌లో ఎక్కడ దొరుకుతుంది?" దుకాణానికి నేనే వెళ్ళి ఒకటి కొని, వెరావల్ వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపాను. బ్యాటరీ ఏడాదికొకసారి మార్చాలని పెట్టె మీద తెలుగులో రాసి మరీ పంపాను.